ఊటగుంపు రెండో ఫ్లాపీ

10 మే 2005, మంగళవారం
ములకలపల్లి

ఊటగుంపులో దోమతెరలు పంచాం. ఎండ దంచింది. కెమెరా సతాయించింది. తిరుగు బస్సులో సీటు దొరికింది. అంతే.

అదే రోజు, మళ్లీ

అంతే కాదు. రాయకపోతే తల పగిలేటట్టుంది.

మా సంస్థ కెమెరాకు ఫిల్ము ఉండదు, ఫ్లాపీ ఉంటుంది. విదేశీ దాతలు తాము వాడి పక్కన పడేసినది పంపారు. ఇటుకంత బరువు. పాల్వంచ స్టూడియో వాళ్లు దాన్ని చూసినప్పుడల్లా నవ్వుతారు. "ఇంక ఫ్లాపీలేంది మేడం, చిప్పులొచ్చినయ్ గద!" ఒక్క ఫోటో తీస్తే చాలు, లోపల ఎలుక గింజ కొరుకుతున్నట్టు కిర్రుకిర్రుమంటుంది. ఆ చప్పుడు ఆగేదాకా ఇంకో ఫోటో తీయలేం.

తెర అందుకున్న ప్రతి కుటుంబాన్నీ ఇంటి ముందు నిలబెట్టి తీయాలి, దాతలకు పంపాలి. రెండో ఫ్లాపీలో చివరిది పగిడయ్య తాతది. గుంపుకు, అంటే ఆ అడవి గూడేనికి, పెద్ద, పండుగలు చేసే పూజారీ ఆయనే. దోమతెరను పెళ్లికొడుకు కండువాలా భుజాన వేసుకుని, మళ్లీ తీసి, మళ్లీ వేసుకుని నన్ను విసిగించాడు. నా చూపంతా ఆయన భుజం మీదే. మీట నొక్కి తలెత్తేసరికి ఆయన వెనక తెల్ల జీపు ఉంది.

ముగ్గురు మనుషులు. మామూలు బట్టలే, కాని ముగ్గురికీ ఒకటే క్రాపు, ఒకటే రకం బూట్లు. గోపాలు మెడ మీద ఒకడి చెయ్యి. గోపాలు మా వాలంటీరు, ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా మలేరియా గోళీలిచ్చేది అతనే. తెరలు పంచుతూ ఉన్నవాణ్ని ఉన్నట్టే జీపులోకి తోశారు. వాళ్లమ్మ పుల్లమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "అడిగి పంపిస్తం. పొద్దుమీకేవరకు ఇంట్లుంటడు" అన్నాడు వాళ్లలో ఒకడు, చాలా మర్యాదగా.

"అక్కా, సంచి!" అని అరిచాడు గోపాలు నావైపు. గోళీల సంచి వాళ్ల చేతిలో ఉంది. ఆ గోళీలు నేనిచ్చినవే.

నేను మళ్లీ మీట నొక్కాను. కెమెరా ఇంకా కిర్రుకిర్రుమంటూనే ఉంది. అది ఆగేసరికి దుమ్ము తప్ప ఏమీ లేదు.

బస్సులో కెమెరాను ఒడిలో పెట్టుకుని దాని వెనక తెరలో చూశాను. పగిడయ్య తాత నవ్వు. భుజం వెనక గోపాలు ముఖం మావైపే తిరిగి ఉంది. మెడ మీది చెయ్యి, ఆ చేతి మనిషి ముఖం, కింద జీపు నంబరు. అన్నీ ఉన్నాయి. ఎవరూ చెరపకుండా ఫ్లాపీ మూల ఉండే మీటను జరిపాను. అలవాటు కొద్దీ, అంతే.

11 మే

రాలేదు.

12 మే, గురువారం

మా ఆఫీసు నడిపే వెంకటేశ్వరరావు సార్ పుల్లమ్మనూ పగిడయ్య తాతనూ వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లొచ్చారు. "మేమెవర్నీ తేలే. అడివిలకు పోయిండేమో, ఆ వయసోళ్లు పోతరు గద" అన్నారట.

వచ్చాక సార్ నన్ను లోపలికి పిలిచారు. పెన్ను మూత పెట్టడం, తీయడం, పెట్టడం.

"చూడు పుష్పా, గా గోళీలు అడివి లోపలోళ్లకు, అన్నలకు పోతున్నయని వాళ్ల అనుమానం. గోళీలిచ్చింది ఎవరు? మనం. అందుకని మనం ఏం చూడలే."

"ఊరంతా చూసింది సార్."

"ఊరు చూస్తే చూడనియ్. నువ్వు చూడకు."

ఫోటో సంగతి సార్‌కు చెప్పలేదు.

నాకు భయమేం లేదు. గది కిటికీ మూసింది దుమ్ము కోసం. లారీలు తిరుగుతున్నాయి.

13 మే

ఊటగుంపు వెళ్లాను. పుల్లమ్మ అడిగింది, "బిడ్డా, గా పెట్టెల నా కొడుకు పడ్డడా?"

"అవ్ అవ్వా."

"గది నాకియ్యి."

కంటితో చూస్తే కనపడదనీ, కంప్యూటర్ కావాలనీ చెప్పాను. ఆమె వినలేదు. "కనవడకపోతే మానె. వాడున్నది నా ఇంట్లుండాలె" అంది. చెయ్యి చాపి అలాగే నిలబడింది.

ఇచ్చేశాను. కన్నతల్లి కదా, జాలేసింది.

16 మే, సోమవారం

ఇద్దరొచ్చారు ఆఫీసుకు. ఆ బూట్లే. కెమెరా, ఫ్లాపీల డబ్బా, కంప్యూటర్ పెట్టె అన్నీ జీపులో పెట్టించారు. సార్ టీ తెప్పించారు. వాళ్లు తాగారు కూడా.

వాళ్లలో ఒకడు ఫ్లాపీల మీద నా చేతిరాత చదువుతూ కూర్చున్నాడు. అతని ముఖం నాకు తెలుసు. ఫోటోలో చూశాను.

"ఊటగుంపు ఒకటి ఉన్నది. రెండు ఏది మేడం?"

"పాడైంది. పారేశాను."

"ఎక్కడ?"

"బస్సులోంచి. కిటికీలోంచి."

"అవ్, ఎండకు పాడైతయ్ అవి" అని నవ్వాడు. లేచి, గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగాడు. "మీది కారేపల్లి దిక్కు తండా గద? నాయన పేరు రెడ్యా. అమ్మకు మోకాళ్ల నొప్పులెట్లున్నయ్?"

తగ్గాయని చెప్పాను. నా నోరే చెప్పింది.

ఫ్లాపీ నా దగ్గర లేకపోవడం మంచిదే అయింది. జాలితోనే ఇచ్చాను గాని, మంచిదే అయింది.

17 మే

మా తండా కిరాణా కొట్టుకు ఫోన్ చేసి అమ్మను పిలిపించాను. గొంతులో ఎన్నడూ లేని హుషారు.

"నీకు సంబంధం వచ్చింది పుష్పా! ఇద్దరొచ్చిండ్రు. పిల్లగాడు సర్కారు కొలువంట, మంచి క్రాపు. నువ్వు ఏడ ఉంటున్నవ్, ఎవరితోని తిరుగుతున్నవ్, ఏ బస్సుకు వస్తవ్, అన్నీ అడిగిండ్రు. గంత శ్రద్ధ ఎవరికుంటది? బూట్లిప్పకుంట ఇంట్లకొచ్చిండ్రు, గదొక్కటే నాకు నచ్చలే."

"యాడీ, వాళ్లకు ఇంకేమీ చెప్పకు."

"ఏమాయె? పట్నపోళ్లంటే ఇష్టం లేదా?"

ఫోన్ పెట్టేశాను.

18 మే, బుధవారం

బస్టాండులో శారద మేడం కలిసింది. ఖమ్మం వకీలు, ఇలాంటి కేసులు పట్టుకుంటుందని పగిడయ్య తాత ఆమెను వెతికి పట్టుకున్నాడు. వేరుశెనక్కాయలు కొనుక్కుని, నా పక్కన తెలియని మనిషిలా కూర్చుని, పొట్టు ఊదుతూ మాట్లాడింది.

"ఇన్ని రోజులు పట్టుకొని పట్టుకోలేదంటున్నరంటే రెండే దారులమ్మా. కోర్టులనన్న చూపెట్టాలె, అడివిలనన్న చూపెట్టాలె."

అడవిలో చూపెట్టడమంటే ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. పేపర్లో 'ఎదురుకాల్పులు' అని పడుతుంది, పక్కన ఒక తుపాకీ.

"ఊరంతా చెప్పినా చెల్లదు. ఊరు వాళ్లకే మద్దతంటరు. ఫోటో ఉన్నదట గద? ఈ శుక్రవారం కాదు, వచ్చే శుక్రవారం కోర్టుల పిటిషన్ వేస్త. గది నాకు ముందే కావాలె."

తెస్తానన్నాను. తెచ్చి ఇచ్చేస్తే నా పని అయిపోతుంది.

20 మే

అయ్యో.

ఫ్లాపీ అడిగితే పుల్లమ్మ పొయ్యి పైకి, కప్పువైపు చెయ్యి చూపించింది. ఇంటి కప్పునుంచి ఎండిన సొరకాయ బుర్రలు వేలాడుతున్నాయి, పొగకు నల్లబడి, మూతుల మీద మట్టి మెత్తి ఉంది. వచ్చే పంట విత్తనాలు వాళ్లు వాటిలోనే దాస్తారు.

"జొన్నల బుర్రల పెట్టిన. పురుగు ముట్టదు, ఎలుక ముట్టదు. ఇంట్ల గంతకంటె పదిలమైన జాగ లేదు."

"తియ్యవ్వా, జల్దీ."

"ఎట్ల తీస్త? ఇత్తనాల పండుగ కాకముందు బుర్ర దింపొద్దు."

"పండుగ ఎప్పుడు?"

"తొలకరి చినుకు పడ్డంక."

అంటే జూన్‌లో ఎప్పుడో. నేను అరిచాను. నీ కొడుకు ప్రాణం అన్నాను, మొద్దుదానివన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. చదువుకున్నదాన్ని కదా.

ఆమె నామీద కోపం తెచ్చుకోలేదు. "వాని పానమే గద బిడ్డా అండ్ల పెట్టింది. నడిమిట్ల ఇప్పితే ఏమైతదో?" అంది.  ఆమె భయపడుతున్నది జీపుకు కాదు. తాను ఒక్క తప్పు చేస్తే కొడుకు రాడేమోనని.

పీట లాగి ఎక్కాను. బుర్రను పట్టుకున్నాను కూడా. వెచ్చగా, జిడ్డుగా ఉంది. గుమ్మంలో నలుగురు ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఎవరూ వద్దనలేదు. ఎవరైనా ఒక్క మాట అనుంటే లాగేసేదాన్నేమో. దిగిపోయాను.

అరచేతి మసి రెండుసార్లు సబ్బు పెట్టినా పోలేదు.

22 మే, ఆదివారం

సంతకు వచ్చిన పగిడయ్య తాత మా వీధిలో చింతపండు అమ్ముతున్నట్టు నిలబడి చెప్పాడు. నిన్న ఊటగుంపు అంతా వెతికారు. బొంతలు చీల్చారు, ఇప్పపువ్వు కుండలు బోర్లించారు, కప్పు గడ్డి పీకారు. పుల్లమ్మ ఇంట్లో ఒకడు బుర్రల మీదికి లాఠీ ఎత్తాడట.

"ఎంబడి వచ్చిన హోంగార్డు మనోడే, పక్క గుంపోడు. 'సార్, ఇత్తనాల బుర్రలు, ముట్టకుండ్రి, ముడితే నేను మా ఊరికి పోలేను' అన్నడు. వాడు లాఠీ దించిండు."

వీధి రెండు చివరలా చూశాను. ఆయన మాత్రం చింతపండు ముద్దను ఇటూ అటూ తిప్పుతున్నాడు.

"పండుగ ఎల్లుండి చేస్తున్నం."

"వాన పడలేదు కదా తాతా?"

"వాన దేవునిది. పండుగ నాది."

"మరి విత్తనాలు?"

"ఒకపారి దింపిన ఇత్తునం మళ్ల పొగల కట్టం. నేలల పడాల్సిందే. పొడి దుక్కిల ఏస్తం. చీమలు తింటే తింటయ్."

"అందరూ ఒప్పుకున్నారా?"

"ఇద్దరు తిట్టిండ్రు, ఒకామె నా మీద చీపురు లేపింది. అది నా పెండ్లామే. ఒప్పుకున్నరు." చింతపండు నా చేతిలో పెట్టాడు. "పొద్దున్నే రా. పెద్ద సంచి తేకు."

24 మే, మంగళవారం

పొద్దున్నే ఊటగుంపు. అన్ని ఇళ్ల బుర్రలూ ఊరి పొలిమేరలో వేల్పు రాళ్ల ముందు వరసగా ఉన్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. డోలు కొట్టేవాడు మాటిమాటికీ రోడ్డువైపు చూస్తున్నాడు. పగిడయ్య తాత ఏ తొందరా లేకుండా కోడిని కోసి, ప్రతి బుర్రకూ పసుపు రాసి, ఒక్కొక్క మట్టిమూతే పగలగొట్టాడు. ఇంత నెమ్మదిగా ఎందుకు చేస్తున్నాడా అని నా ప్రాణం పోయింది. దేవుడి ముందు దొంగ పండుగ చేయలేడు, అందుకు.

పుల్లమ్మ బుర్ర వంచితే జొన్నలతో పాటు ఫ్లాపీ జారి చేటలో పడింది. కాగితం పొగకు పచ్చబడింది. నా చేతిరాత అలాగే ఉంది. గుంపంతా దానివైపే చూసింది. పుల్లమ్మ దాన్ని తీసి నా చున్నీ కొంగులో వేసింది. అందరికీ ఇచ్చినట్టే ఒక గుప్పెడు జొన్నలూ వేసింది. "నీ వంతు."

అక్కణ్నుంచి పాల్వంచ. ఫ్లాపీ పెట్టే కంప్యూటర్ కోసం. మా ఆఫీసుది వాళ్లు తీసుకుపోయారు, శారద మేడం కొత్త కంప్యూటర్‌కు ఆ సందే లేదు. నెట్ సెంటర్ అబ్బాయి "ఫ్లాపీలా? ఎప్పుడో పీకి పడేసినం" అన్నాడు. శుభలేఖలు వేసే అతని దగ్గర డ్రైవు ఉంది గాని దాని నోట్లో దుమ్ము తప్ప ఏం లేదు. ప్రతి కొట్టులోనూ నా వెనక ఎవరో లోపలికి వస్తున్నట్టే ఉంది. ఒకచోట నిజంగానే వచ్చాడు, జిరాక్స్ కోసం.

బస్టాండు పక్కన 'కంప్యూటర్ జాతకం' బోర్డు. లోపల పసుపు తిరిగిపోయిన పాత కంప్యూటర్, దాని పక్కన ఫ్లాపీల దొంతర. పంచాంగమంతా వాటిలోనే నడుస్తుందట. విభూతి పెట్టుకున్న ముసలాయన అడిగాడు, "ఏ నక్షత్రం తల్లీ?"

"జాతకం కాదండీ. ఇందులో ఫోటోలు చూడాలి."

ఫ్లాపీ అందుకుని వాసన చూశాడు. "పొయ్యిల పెట్టి వండినవా ఏంది?"

లోపలికి తోశాడు. కిర్రుకిర్రు. ఇన్నాళ్లూ నాకు చిరాకు పుట్టించిన ఆ చప్పుడు వింటే ఏడుపొచ్చింది. ఫోటోలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి, తెరలూ నవ్వులూ. చివరిది తెరుచుకోలేదు. ఆయన ఫ్లాపీ బయటికి తీసి, రేకు జరిపి ఊదాడు. జొన్న పొట్టు ఎగిరిపడింది. మళ్లీ పెట్టాడు.

పైనుంచి కిందికి, పరదా దింపినట్టు, కొంచెం కొంచెంగా వచ్చింది. కప్పు గడ్డి. పగిడయ్య తాత జుట్టు. గోపాలు ముఖం. మెడ మీది చెయ్యి. ఆ మనిషి ముఖం. అక్కడ ఆగిపోయింది. కింద అంతా బూడిద రంగు. జీపు నంబరు లేదు.

"గింతే తల్లీ. సగమే ఇచ్చింది" అని అచ్చు వేశాడు. ఆయన దగ్గర ఉన్నది జాతకాల కాగితమే, చుట్టూ నవగ్రహాలు, పైన 'శుభమస్తు'. కాగితం చేతికిస్తూ ఆ ముఖాలను సరిగ్గా చూశాడు. చటుక్కున కంప్యూటర్ ఆపేశాడు.

"నువ్వు నా దగ్గరికి రాలే. నేను నిన్ను చూడలే. నీ నక్షత్రం గూడ నాకు తెల్వదు. పో, వెనక దిక్కు నుంచి పో."

25 మే, ఖమ్మం

శారద మేడం ఫోటోను వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. "ముఖాలున్నయ్. చాలు" అంది. నా గుండె తేలికపడింది. సంచి భుజానేసుకున్నాను.

"కూసో. గిది తీసిందెవరు?"

"మీకు తెలుసు కదా."

"నాకు తెలిస్తే ఏం లాభం? తీసినామె నేనే తీసిన, గీ రోజు తీసిన, నా కండ్లతో చూసిన అని అఫిడవిట్ మీద సంతకం పెట్టాలె. లేకపోతే గిది నవగ్రహాల కాగితం."

ఆలోచిస్తానన్నాను. బయటికొచ్చి బస్టాండులో కూర్చుని ఇది రాస్తున్నాను.

సంతకం పెట్టను. ఫ్లాపీ తెచ్చాను. అంతకంటే ఎవరు తెస్తారు? అమ్మకు మోకాళ్ల నొప్పులు, అది వాళ్లకు కూడా తెలుసు.

కారేపల్లి బస్సు వచ్చింది. వెళ్లిపోయింది.

జాలితో ఇచ్చానని ఈ డైరీలో ఎక్కడెక్కడ రాశానో వెనక్కి తిప్పి చూసుకున్నాను. నిజంగా జాలైతే అన్నిసార్లు రాసుకోనక్కర్లేదు. చేతిలో కాలుతున్నదాన్ని తీసుకెళ్లి పుల్లమ్మ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని తన విత్తనాల్లో పెట్టుకుంది.

అదే రోజు

పెట్టాను. పుష్ప, తండ్రి పేరు రెడ్యా. అక్షరాలు వంకరగా వచ్చాయి. మేడం టీ ఇచ్చింది, సగం సాసర్లో ఒలికింది.

27 మే, శుక్రవారం

పిటిషన్ వేశారు. ఫోటో జత చేశారు. నేనూ జతే.

బయటికి వెళ్లలేదు. మంచినీళ్లకు కూడా.

28 మే

ఏమీ తెలియలేదు. పేపర్ కొనడానికి భయం. పక్కింటి వాళ్లు కొన్నారు. గోడ మీంచి మొదటి పేజీ మాత్రం చూశాను. లేదు.

30 మే, సోమవారం

బతికే ఉన్నాడు. బతికే ఉన్నాడు.

'నిన్న సాయంత్రం అడవిలో అనుమానంగా తిరుగుతుంటే పట్టుకున్నాం' అని కొత్తగూడెం కోర్టుకు తెచ్చారు. ఇన్నాళ్లూ ఎక్కడా లేని మనిషి నిన్న దొరికాడన్నమాట. పోనీ. తెచ్చారు.

వరండాలో పుల్లమ్మ కొడుకు ముఖాన్ని రెండు చేతులతో తడుముతూనే ఉంది, గింజ పుచ్చిందా లేదా చూసినట్టు. కుంటుతున్నాడు. చెంపలు లోపలికి పోయాయి. నన్ను చూసి, ఏదో తప్పు చేసినవాడిలా అన్నాడు.

"అక్కా, సంచి పోయింది."

"పోనియ్‌రా" అన్నాను. 

జైలుకు పంపారు. బెయిలు రావాలంటే ఇంకా సమయం పడుతుందంది శారద మేడం. "కోర్టు లెక్కలకెక్కిండు గద, ఇంక మాయం చెయ్యలేరు."

మెట్ల దగ్గర అతను నిలబడి ఉన్నాడు, ఫోటోలో మనిషి. బూట్లు మెరుస్తున్నాయి. పక్కనుంచి వెళుతుంటే మెల్లగా అడిగాడు, "మీ సంబంధం కుదిరిందా మేడం?"

2 జూన్

సార్ ఇక ఆఫీసుకు రావద్దన్నారు. తలెత్తి చూడలేదు. పెన్ను మూత తీయడం, పెట్టడం.

19 జూన్, ఆదివారం

రెండు రోజులుగా వాన. ఊటగుంపు వెళ్లాను.

పొడి దుక్కిలో వేసిన విత్తనాలను చీమలు మోసుకుపోయాయి. పుల్లమ్మ చేనులో అక్కడొకటి అక్కడొకటి మొలక. పగిడయ్య తాత భార్య నన్ను చూడగానే, "వచ్చిందమ్మా మా జొన్నల మారాణి" అని చీపురు చూపించింది. తర్వాత జావ పోసింది.

చున్నీ ముడి విప్పి నా వంతు జొన్నలు పుల్లమ్మ చేతిలో పోశాను. ఒక్కటి కూడా పుచ్చలేదు. ఆమె వాటిని చేనులో చల్లలేదు. బుర్రలో పోసి, మూతికి మట్టి మెత్తి, పొయ్యి మీద కట్టమని నన్నే పీట ఎక్కించింది.

"గా ఫ్లాపి గూడ తెస్తివా?"

"అది కోర్టులో ఉందవ్వా."

"కేసైపోయినంక తెచ్చియ్యి. వాడింక ఇల్లు చేరలే గద." పైకి చూసి, ముడి సరిగ్గా పడిందో లేదో చూసింది. "గట్టిగ కట్టు. వాడే వచ్చి దింపుతడు."

గదికి వచ్చాను. ఇది రాస్తుంటే రోడ్డు మీద ఏదో బండి ఆగింది. ఇంజన్ ఆపలేదు. జీపో, కరెంటోళ్ల బండో. రాస్తూనే ఉన్నాను.

వాన వెలిసి, లారీలు మళ్లీ మొదలయ్యాయి. కిటికీ తీసే ఉంది.